తాకితే తగ్గే వోల్టేజీ

అమీర్‌పేట అంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి సాఫ్ట్‌వేర్ కోర్సులు. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల మెట్ల పక్కన వేలాడే బోర్డుల్లో ఎక్కువ భాగం వాటివే. కానీ ఆ బోర్డుల మధ్యే లాప్‌టాప్, మొబైల్ చిప్‌లెవల్ రిపేరు నేర్పే సంస్థలూ ఉన్నాయి. ఐసీ ఊడదీసి, రీబాలింగ్ చేసి, మళ్ళీ అతికించే పని నేర్చుకునే పిల్లలకు స్థిర విద్యుత్తు పుస్తకంలో పాఠంగా మిగిలిపోయేది కాదు. నిన్నటిదాకా పనిచేసిన బోర్డు చేతిలోకి తీసుకున్నాక చచ్చిపోతే, తప్పు సోల్డరింగ్‌దా, ఒంట్లో పేరుకున్న ఆవేశానిదా అన్నది వాళ్ళ రోజువారీ సందేహం. రిస్ట్ బ్యాండు కట్టుకోమని, నీలం మ్యాట్ పరచమని చెబుతారు. ఆ బోర్డు మీద, ఆ పట్టకారు మీద, ఆ కనెక్టర్ డబ్బా మీద అసలు ఎన్ని వోల్టులున్నాయి అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. మల్టీమీటరు పెడితే సున్నా చూపిస్తుంది.

ఆవేశం పట్టిన వాహకాన్ని ప్రోబుతో తాకి దాని వోల్టేజీ కనుక్కోవడం ఎంతవరకు సాధ్యమన్నదే ఈ వ్యాసం విషయం. రెండు వందల ఏళ్ళకు పైగా మనుషులు దీనికి రకరకాల జవాబులు వెతికారు. వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: కొలిచే సాధనం ఎన్ని వోల్టులదాకా చూపగలదన్నది రెండో ప్రశ్న. ఆ సంఖ్య చెప్పడానికి అది వస్తువు నుంచి ఎంత ఆవేశం తీసుకుంటుందన్నది మొదటి ప్రశ్న. మన క్లాసుల్లో ఈ మొదటి ప్రశ్న అడగడం లేదు.

ముందు ఊరి సంగతి. బేగంపేట వాతావరణ కేంద్రం అమీర్‌పేటకు ఆనుకునే ఉంది. అక్కడి సగటుల్లో మార్చి నుంచి మే దాకా సాయంత్రపు గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆగస్టులో 70 దగ్గరికి చేరుతుంది. ఈ తేడా చిన్నది కాదు. అమెరికాలోని ఈఎస్‌డీ (స్థిర విద్యుత్ ఉత్సర్గ) అసోసియేషన్ ఉదాహరణగా ఇచ్చే పట్టికలో, వినైల్ నేల మీద నడిచిన మనిషి ఒంట్లో తేమ 10–25 శాతం ఉన్నప్పుడు 12,000 వోల్టుల దాకా, 65–90 శాతం ఉన్నప్పుడు 250 వోల్టుల దాకా పుడతాయని ఉంది. మనకు చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. సున్నితమైన ఐసీలు 100 వోల్టులకే దెబ్బతినవచ్చు. అంటే ఐసీని చంపే ఘటనల్లో చాలావాటిని మన వేలు గుర్తుపట్టదు. వేలికి తెలియనిది మీటరుకు తెలియాలి.

మల్టీమీటరుకు ఎందుకు తెలియదు? మామూలు డిజిటల్ మీటరు ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. ఇంటి కరెంటుకు, బ్యాటరీకి అది చాలా ఎక్కువ. మనిషి శరీరం కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్‌లు. ఈ రెండూ గుణిస్తే వచ్చే కాలం ఒక మిల్లీసెకను. అంటే ప్రోబు తగిలిన వెయ్యో వంతు సెకనులో ఒంటి మీది ఆవేశంలో మూడింట రెండు వంతులు మీటరు గుండా దిగిపోతుంది. అయిదారు మిల్లీసెకన్లలో ఏమీ మిగలదు. మీటరు తెర మీద అంకె మారడానికి అంతకన్నా ఎన్నో రెట్ల సమయం పడుతుంది. మీటరు అబద్ధం చెప్పడం లేదు. అది చూసే సమయానికి అక్కడ నిజంగానే సున్నా ఉంది.

పాత పిక్చర్ ట్యూబు టీవీలు బాగుచేసినవాళ్ళ దగ్గర హై వోల్టేజీ ప్రోబు ఉంటుంది. 40 కిలోవోల్టుల దాకా కొలిచే ఇలాంటి ప్రోబుల రెసిస్టెన్స్ సాధారణంగా 1,000 మెగా ఓమ్‌లు. దీంతో పని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. మళ్ళీ గుణించి చూడండి: మనిషి ఒంటికైతే 0.1 సెకను, 10 పికోఫారడ్‌ల చిన్న లోహపు ముక్కకైతే 10 మిల్లీసెకన్లు. టీవీలో పిక్చర్ ట్యూబుకు అధిక వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ సప్లై ఆవేశాన్ని ఎప్పటికప్పుడు భర్తీ చేస్తుంది కాబట్టి అక్కడ ఆ ప్రోబు సరిపోతుంది. విడిగా పడి ఉన్న వాహకానికి భర్తీ చేసేవాళ్ళు లేరు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. అమీర్‌పేట హాస్టళ్ళలో లాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోందని పిల్లలు చెబుతుంటారు. టెస్టరు పెడితే వెలుగుతుంది. స్టాటిక్ అని తేల్చేస్తారు. చాలాసార్లు అది స్టాటిక్ కాదు. అడాప్టర్‌లో రేడియో జోక్యాన్ని అణచడానికి పెట్టే వై కెపాసిటర్ల గుండా 230 వోల్టుల ఏసీలో కొంత భాగం బాడీ మీదికి వస్తుంది. మూడో పిన్నుకు ఎర్తు లేకపోతే, లేదా రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చితే, దిగే దారిలేక బాడీ సుమారు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది. తేడా పట్టుకోవడం తేలికే. మల్టీమీటరును ఏసీలో పెడితే ఈ వోల్టేజీ స్థిరంగా నిలబడి కనిపిస్తుంది, టెస్టరు నియాన్ వెలుగుతూనే ఉంటుంది. స్థిర విద్యుత్తయితే నియాన్ ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. మెట్రో పట్టాల పైన 25 కిలోవోల్టుల ఏసీ తీగ దగ్గర ఎర్తు లేని లోహానికి వచ్చే వోల్టేజీ కూడా ఈ జాతిదే.

ఈ సంగతి మన ప్రశ్నకు దూరమైనది కాదు. ప్రతి వోల్టేజీ రెండు చోట్ల మధ్య తేడా. బోర్డు మీద 35 వోల్టులున్నాయి అంటే దేనితో పోలిస్తే? బెంచీ ఎర్తుతో. ఆ ఎర్తు అనుకునేదే ఎక్కడా భూమికి తగలకుండా తేలుతుంటే, ఎంత ఖరీదైన ప్రోబు తెచ్చినా రీడింగుకు అర్థం లేదు. అద్దె గదుల్లో, మూడో అంతస్తులో, సాకెట్టుకు మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక తీగ ఉన్నట్టు కాదు. ఎర్తింగ్‌కు మన దేశపు ప్రమాణం ఐఎస్ 3043. దాని ప్రకారం ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు పరీక్ష చేయించడం ఈ మొత్తం కొలతల వ్యవహారంలో మొదటి మెట్టు. సున్నా ఎక్కడుందో తెలియకుండా మిగతా అంకెలన్నీ గాలిలో ఉంటాయి.

ఆవేశాన్ని కారిపోనివ్వకుండా వోల్టేజీ చూపే సాధనం కొత్తదేమీ కాదు. మన హైస్కూలు పుస్తకాల్లో కనిపించే బంగారు రేకుల విద్యుద్దర్శినిని అబ్రహం బెనెట్ 1787లో వర్ణించాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1867లో బ్రిటిష్ అసోసియేషన్‌కు ఎలక్ట్రోమీటర్ల మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. ఆయన రూపొందించిన స్థిర విద్యుత్ వోల్ట్‌మీటర్లలో కరెంటు పారనే పారదు. రెండు పలకల మధ్య ఆకర్షణ ముల్లును కదుపుతుంది. రెసిస్టెన్స్ దాదాపు అనంతం. అయినా అవి మన సమస్యను సగమే తీర్చాయి. మిగిలిన సగం కెపాసిటెన్స్.

నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి గుండెకాయ ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. ఒక గ్లాసులో నీటి మట్టం తెలుసుకోవడానికి పక్కన మరో ఖాళీ గ్లాసును అడుగున గొట్టంతో కలిపి, రెండో గ్లాసులో చూస్తామనుకోండి. రెండు గ్లాసులూ ఒకే వెడల్పుంటే మట్టం సగానికి పడిపోతుంది. నీళ్ళు ఒక్క చుక్క కూడా కారలేదు, అయినా రీడింగు తప్పు. విడి వాహకం మీది ఆవేశం స్థిరం. దాన్ని కెపాసిటెన్స్‌తో భాగిస్తే వచ్చేదే వోల్టేజీ. 5 పికోఫారడ్‌ల కనెక్టర్ డబ్బాను 5 పికోఫారడ్‌ల ప్రోబుతో తాకితే 80 వోల్టులు 40 అవుతాయి. కెల్విన్ నాటి పరికరాలకు పదుల పికోఫారడ్‌లుండేవి, పైగా ముల్లు కదిలేకొద్దీ అది మారేది. పెద్ద గోళాల మీద, లేడెన్ జాడీల మీద అది పట్టించుకోనక్కరలేని దోషం. మొబైల్ బోర్డు మీది చిన్న లోహపు కవచానికి వచ్చేసరికి అదే పెద్ద దోషం.

ఈ దోషాన్ని లెక్కతో తీసేయడానికి ఒక దారి ఉంది. క్లాసులో నేర్పదగినంత సరళమైనది కూడా. ప్రోబును ఎర్తుకు తాకించి సున్నా చేయాలి. వస్తువును తాకి రీడింగు రాసుకోవాలి. ప్రోబు తీసి మళ్ళీ ఎర్తుకు తాకించి సున్నా చేసి, అదే వస్తువును రెండోసారి తాకాలి. రెండుసార్లూ వోల్టేజీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది, ఎందుకంటే రెండుసార్లూ అవే రెండు కెపాసిటెన్స్‌లు ఆవేశాన్ని పంచుకున్నాయి. కాబట్టి తాకకముందున్న వోల్టేజీ కావాలంటే మొదటి రీడింగును దానితోనే గుణించి రెండో రీడింగుతో భాగిస్తే చాలు. మొదటిసారి 60, రెండోసారి 40 వస్తే, అసలు ఉన్నది 90 వోల్టులు. మొదటి రీడింగే నిజమనుకుంటే మూడో వంతు తక్కువ చెప్పినవాళ్ళమవుతాం. మధ్యలో సున్నా చేయడం మరిచిపోతే ప్రోబు మీద 60 అలాగే ఉంటుంది, రెండో రీడింగు కూడా 60 వస్తుంది. అప్పుడు దోషమే లేదన్న తప్పుడు నమ్మకం కలుగుతుంది.

దీనికి షరతులున్నాయి. రెండు తాకుళ్ళ మధ్య వస్తువు కదలకూడదు, చెయ్యి దగ్గరికి రాకూడదు. వస్తువు దేని మీద నిలబడిందో ఆ బంధకం గుండా ఆవేశం కారకూడదు. కారుతోందేమో చూడాలంటే, రెండు తాకుళ్ళ మధ్య ఒకసారి అయిదు సెకన్లు, ఇంకోసారి ముప్పై సెకన్లు ఆగి చేసి పోల్చాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు.

తాకకుండా కొలవడం మేలు కదా అని అడగవచ్చు. ఫ్యాక్టరీల్లో చేతిలో పట్టుకుని తిరిగే స్టాటిక్ ఫీల్డ్ మీటర్లు అందుకే ఉన్నాయి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరం నుంచి చూసి వోల్టులు చెబుతాయి. ఆ అంకె పెద్ద చదునైన పలక ముందు పెట్టి సరిచేసినది. ప్లాస్టిక్ ట్రే, ప్యాకింగ్ షీటు, కుర్చీ వీపు లాంటివాటికి అది నమ్మదగ్గ సాధనం, ప్రతి బెంచీకీ ఒకటి ఉంటే మంచిది కూడా. ఐసీ కాలు, స్క్రూ, కనెక్టర్ డబ్బా ముందు పెడితే మాత్రం ఆ మీటరు చూపులో ఆ వస్తువు ఆక్రమించేది కొద్ది చోటే. చుట్టూ ఉన్న ఎర్తయిన మ్యాటు కూడా అదే చూపులో పడుతుంది. రీడింగు అసలు కంటే ఎంతో తక్కువ వస్తుంది. దీనికి తోడు ఎర్తయిన మీటరు దగ్గరికి రావడమే చిన్న వస్తువు కెపాసిటెన్స్‌ను పెంచి వోల్టేజీని తగ్గిస్తుంది. అంటే తాకకపోయినా కొలత వస్తువును మార్చింది. ప్రోబు వోల్టేజీని వస్తువు వోల్టేజీతో సమానం చేసి, మధ్య క్షేత్రాన్ని సున్నా చేసే రకం మెరుగు. అయినా దానికీ వస్తువు తన దూరంతో పోలిస్తే పెద్దదిగా ఉండాలి. చిన్న వాహకం దగ్గర అన్ని దారులూ తిరిగి తిరిగి తాకే ప్రోబు దగ్గరికే వస్తాయి.

ఆధునిక తాకే ప్రోబులో రెండు సుగుణాలు కలిశాయి. ఒకటి రెసిస్టెన్స్: 100 టెరా ఓమ్‌లు, అంటే పది కోట్ల మెగా ఓమ్‌లు. 10 పికోఫారడ్‌ల వస్తువుతో గుణిస్తే వెయ్యి సెకన్లు. పది సెకన్లు తాకి ఉంచినా తగ్గేది ఒక్క శాతమే. రెండోది గార్డు. ప్రోబు మధ్య తీగ చుట్టూ ఉన్న తొడుగును ఎర్తుకు కలపకుండా, లోపలి ఆంప్లిఫయర్ దాన్ని మధ్య తీగ వోల్టేజీకే ఎప్పటికప్పుడు తీసుకొస్తుంది. రెండిటి మధ్య తేడా లేకపోతే ఆ కెపాసిటెన్స్‌ను నింపడానికి వస్తువు నుంచి ఆవేశం పోనక్కరలేదు. తీగ అక్కడే ఉంటుంది, దాని బరువు మాత్రం వస్తువు మీద పడదు. ఇక్కడే ఖరీదు పెరుగుతుంది: రెండు వేల వోల్టుల దాకా కొలవాలంటే ఆంప్లిఫయర్ తానే రెండు వేల వోల్టుల దాకా పోగలగాలి.

తాకే క్షణం గురించి ఒక మాట చెప్పకపోతే ప్రమాదం. ఆవేశం పట్టిన ఐసీ కాలికి లోహపు మొన తగిలినప్పుడు వచ్చే క్షణిక స్పార్కే ఐసీలను చంపే ముఖ్య కారణాల్లో ఒకటి. కొలవడానికని మల్టీమీటరు మొన ఆనించడం కొలతకు పనికిరాకపోగా హాని చేస్తుంది. అందుకే మంచి ప్రోబుకు కెపాసిటెన్స్ తక్కువగా ఉండడంతో పాటు మొన వెంటనే పెద్ద రెసిస్టర్ ఉండాలి. నేరుగా ఐసీ కాలును కాకుండా, దానికి కలిసిన బోర్డు గ్రౌండు చోటును తాకడం మేలు.

హైదరాబాదు వాతావరణం ఈ సాధనాలను కూడా పరీక్షిస్తుంది. 100 టెరా ఓమ్‌లు అన్నది ప్రోబు మొన చుట్టూ ఉన్న బంధకం శుభ్రంగా ఉన్నంతసేపే. వేలిముద్ర, ఫ్లక్స్ మరక, వానాకాలపు తేమ పొర ఏది పడినా అది వందో వంతుకో వెయ్యో వంతుకో దిగిపోతుంది. టెఫ్లాన్ మంచి బంధకమే, కానీ తుడిస్తే తానే ఆవేశం పట్టి తప్పుడు రీడింగునిస్తుంది. కాబట్టి ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరనిచ్చి, ఎర్తుకు తాకించి, ఏమీ తాకకుండా ఒక నిమిషం వదిలి సున్నా కదులుతోందేమో చూడాలి.

ఇంత కష్టం అవసరమా, ఎర్తు రెసిస్టెన్స్ కొలుచుకుంటే సరిపోదా? చాలాకాలం ప్రపంచం అలాగే నడిచింది. ఆపరేషన్లలో మత్తుకు వాడిన ఈథర్, ఆ తర్వాత వచ్చిన సైక్లోప్రొపేన్ స్పార్కు తగిలితే అంటుకుంటాయి. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో ఆపరేషన్ థియేటర్లలో ఆవేశాన్ని మెల్లగా దింపే నేలలు, చెప్పులు వచ్చాయి. వాటిని పరీక్షించింది వోల్టులతో కాదు, ఓమ్‌లతో. ఈథర్ పోయినా ఆ పద్ధతి ఎలక్ట్రానిక్స్ బెంచీలకు చేరింది. రిస్ట్ బ్యాండు తీగలో ఒక మెగా ఓమ్ ఉందా, మొత్తం దారి 35 మెగా ఓమ్‌లు దాటకుండా ఉందా అని చూసుకుంటే మనిషి సంగతి తీరుతుంది. ఈ పరీక్ష చవక, నమ్మదగినది. ప్రతి బెంచీ రోజూ చేయాలి.

అయితే అది ఎర్తుకు కలపగలిగిన వాటికే వర్తిస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన లోహపు ముక్కను, బ్యాటరీ తీసేసిన ఫోను బోర్డును, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారును ఎర్తుకు కలిపే తీగ లేదు. ఏఎన్ఎస్ఐ/ఈఎస్‌డీ ఎస్20.20 ప్రమాణం 2014 ప్రతిలో ఇలాంటి విడి వాహకాలకు ఒక హద్దు పెట్టింది: ఐసీకి తగిలే చోట రెండిటి మధ్య తేడా 35 వోల్టులకు మించకూడదు. నేల, చెప్పుల ద్వారానే ఎర్తయ్యే మనిషికి 100 వోల్టుల హద్దును కూడా అది వోల్టుల్లోనే పెట్టింది. ఓమ్‌లతో ఈ ప్రశ్నలకు జవాబు రాదు. 35 వోల్టుల హద్దును 10 మెగా ఓమ్‌ల మీటరుతో పాటించామనడం మనల్ని మనం మోసపుచ్చుకోవడమే.

ఇంకో చిక్కు, పాఠాల్లో దాదాపు కనిపించనిది. మ్యాటు మీద పరచిన బోర్డు కెపాసిటెన్స్ 50 పికోఫారడ్‌లు, వోల్టేజీ 20 అనుకోండి. హద్దు లోపలే ఉంది. దాన్ని అంచులు పట్టి ఎత్తగానే కెపాసిటెన్స్ 10కి పడిపోతే, అదే ఆవేశానికి వోల్టేజీ 100 అవుతుంది. రెండు రీడింగులూ నిజమే. కానీ ఐసీ దెబ్బతినేది ఎత్తి ఇంకోచోట ఆనించినప్పుడు. కాబట్టి కొలత కూడా బోర్డును ఎత్తి పట్టుకున్న స్థితిలోనే జరగాలి, శుభ్రమైన బంధకపు పిడితో. మ్యాటు మీద పెట్టి తీసుకున్న మంచి రీడింగు ఎవరినీ ఓదార్చకూడదు. ఇక బంధకాల మీద ఒక బిందువును తాకితే ఆ బిందువు గురించే తెలుస్తుంది. ప్లాస్టిక్‌కు ఫీల్డ్ మీటరూ, గాలిలోకి అయాన్లు వదిలి ఆవేశాన్ని తటస్థం చేసే అయొనైజరూ సరైన జోడీ.

అమీర్‌పేటలో ఒక్కో సంస్థ ఇలాంటి ప్రోబు కొనాలనడం నాకు న్యాయంగా తోచదు. ఒకే వీధిలో ఉన్న పది సంస్థలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, పంజాగుట్టలో ఫోన్లు బాగుచేసే దుకాణాలవాళ్ళు కూడా చేరవచ్చు. అది వచ్చేదాకా ఎర్తు పరీక్ష, రిస్ట్ బ్యాండు పరీక్ష, ఫీల్డ్ మీటరుతో ప్లాస్టిక్ ఏరివేత చేతిలోనే ఉన్నాయి. వచ్చాక ప్రతి బెంచీ దగ్గరా రెండుసార్లు తాకి, రెండు రీడింగులూ, ఆనాటి తేమ శాతమూ, వస్తువు మ్యాటు మీద ఉందా ఎత్తి ఉందా అన్నదీ ఒక నోటుబుక్కులో రాయాలి. ఏప్రిల్ పేజీని ఆగస్టు పేజీ పక్కన పెట్టి చూస్తే ఏ బెంచీకి అయొనైజర్ కావాలో, ఏ బెంచీకి మంచి ఎర్తు చాలో తేలుతుంది.